ఇంట్లో కునెఫె: చీజ్ ఏది వాడాలి, పాకం ఎప్పుడు పోయాలి?

కొలోన్_కల్యాణి
జర్మనీలో మా వీధి చివర టర్కీ వాళ్ళ కిరాణా కొట్టు ఉంది. పచ్చి కదాయిఫ్ (సన్నటి మైదా పోగులు) అర కిలో ప్యాకెట్లు అక్కడ ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటాయి. హోటల్లో కునెఫె, అంటే ఆ పోగుల మధ్య చీజ్ పెట్టి కాల్చి పాకం పోసే టర్కీ స్వీటు, తిన్నప్పటి నుంచి ఇంట్లో చెయ్యాలని ఉంది గానీ, ఏ వీడియో చూసినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. ఒకావిడ మొజరెల్లా అంటుంది, ఇంకొకాయన పనీర్ అంటాడు, ఒకరు ఓవెన్లో పెట్టమంటే ఇంకొకరు స్టవ్ మీదే అంటారు. పాకం వేడిగా పొయ్యాలా చల్లగా పొయ్యాలా అన్న దగ్గర కూడా ఇద్దరికి పొంతన లేదు. పైగా వాటిలో సగం అరబ్బుల కునాఫా. నాకు కావాల్సింది టర్కీలో హతాయ్ వైపు చేసే పల్చటిది, రెండు పక్కలా ఎర్రగా కాలి, కోస్తే లోపల చీజ్ సాగుతూ వచ్చేది. శనివారం మా ఇంటికి నలుగురు భోజనానికి వస్తున్నారు. స్వయంగా చేసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

నెయ్యి_గిన్నె
పనీర్ వాడెయ్యండి. ఉప్పు ఉండదు, మనకి అలవాటైన రుచి. సన్నగా తురిమి రెండు చెంచాల మీగడ కలిపితే మెత్తగా ఉంటుంది. మా ఇంట్లో అందరూ ఇష్టంగానే తిన్నారు.

తణుకు_తమ్ముడు
పనీర్ సాగదు కదా అక్కా. కల్యాణిగారు సాగాలి అని ప్రత్యేకంగా అడిగారు.

పాలకేంద్రం
తమ్ముడు చెప్పింది నిజం. డెయిరీలో పని చేస్తాను కాబట్టి కారణం కూడా చెప్తాను. పనీర్‌కి పాలు బాగా కాచి, నిమ్మరసమో వెనిగరో పోసి విరగ్గొడతాం. ఆ పులుపుకి పాల ప్రోటీన్‌ని పట్టి ఉంచే కాల్షియం చాలావరకు విరిగిన నీళ్ళలోకి పోతుంది, పాలు కాగినప్పుడు తేట ప్రోటీన్లు కూడా గడ్డలోనే ఇరుక్కుంటాయి. అలా కట్టుకున్న ముద్ద ఎంత వేడి పెట్టినా కరగదు, ఎండిపోయి రబ్బరులా అవుతుందంతే. కూరలో పనీర్ ముక్క విడిపోకుండా నిలబడేది కూడా ఇందుకే.

కునెఫె చీజ్ రెన్నెట్‌తో (పాలని గడ్డకట్టించే ఎంజైమ్) తోడుపెట్టేది. అందులో పులుపు నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే పెరుగుతుంది, కాల్షియం కొంత పోయి కొంత మిగులుతుంది. ఆ మధ్య స్థితిలో ఉన్న గడ్డ వేడి తగిలితే పోగులుగా సాగుతుంది. మొజరెల్లాదీ ఇదే పద్ధతి. అందుకే దొరకనిచోట దానికి దగ్గరగా వచ్చేది మొజరెల్లాయే. ఫెటా, హలూమి చీజ్‌లు రెండూ వద్దు. హలూమిని గ్రిల్ మీద పెట్టినా కరగకుండా ఉండేలాగే తయారుచేస్తారు.

షార్జా_శ్రీను
మాకు గల్ఫ్‌లో అక్కావీ చీజ్ దొరుకుతుంది, చాలామంది దానితోనే చేస్తారు. కాకపోతే ఉప్పు నీళ్ళలో ఊరబెట్టి ఉంటుంది. పల్చగా కోసి చల్లటి నీళ్ళలో వేసి, రెండు మూడు గంటలకోసారి నీళ్ళు మారుస్తూ రాత్రంతా ఉంచాలి. పొద్దున ముక్క నోట్లో వేసుకుంటే చప్పగా ఉండాలి. ఉప్పగా అనిపిస్తే ఇంకో రెండు సార్లు మార్చండి. పాలస్తీనా వాళ్ళు నాబ్లుస్ చీజ్‌తో చేసేదానికీ ఇదే పని.

కొలోన్_కల్యాణి
పనీర్ కొట్టేశాను. మా కొట్టులో అక్కావీ చూసిన గుర్తుంది. కానీ పక్కనే టర్కీ చీజ్‌లు కూడా నాలుగైదు రకాలు ఉంటాయి, వాటిలో కునెఫెకి పనికొచ్చేది ఏదైనా ఉందా?

ఇస్కెందరున్_రిటర్న్
ఈ చర్చ ఇప్పుడే చూశాను. ఇస్కెందరున్‌లో ఉక్కు ఫ్యాక్టరీ ప్రాజెక్టులో కొన్నేళ్ళు పనిచేశాను. హతాయ్ ముఖ్య పట్టణం అంతాక్యా అక్కడికి దగ్గరే, బెలెన్ కనుమ దాటితే అమిక్ మైదానం కనిపిస్తుంది. సెలవు దొరికితే మా బ్యాచ్ అంతా ఆ దారే పట్టేవాళ్ళం. సాయంత్రం తెప్సీ కెబాబ్ (పళ్ళెంలో పరిచి కాల్చే ఖీమా), ఆ వెంటనే కునెఫె.

ముందు చీజ్ సంగతి. ఆ ఊళ్ళో దాన్ని కునెఫె పెయ్నిరి, అంటే కునెఫె చీజ్ అనే అమ్ముతారు. తెల్లగా, ఉప్పు లేకుండా, ఒకటి రెండు రోజుల క్రితం చేసిందే ఉంటుంది. చేత్తో లాగితే పోగులు పోగులుగా ఊడి వస్తుంది. జర్మనీలో టర్కీ కొట్లలో ఇదే పేరుతో ఫ్రీజర్‌లో దొరుకుతుంది, ముందు అది అడగండి. లేదంటే దిల్ పెయ్నిరి అడగండి, అది కూడా పోగుల చీజే. ఉప్పు తక్కువ రకం తీసుకోండి, ఉన్నా నానబెడితే పోతుంది. ఈ రెండూ లేకపోతేనే మొజరెల్లా.

ఉలూ జామి అనే పాత మసీదు పక్కన, ఉజున్ చార్షి అనే పాత బజారు దగ్గర ఉన్న కునెఫె దుకాణాల్లో నిలబడి గంటలు గంటలు చూసేవాణ్ణి. కింద నిప్పులు, మంట ఉండదు, బొగ్గు మీద బూడిద పట్టి ఉంటుంది. దాని మీద చెయ్యి చాపినంత వెడల్పు పళ్ళెం. పళ్ళేనికి వెన్న రాసి, వెన్న పట్టించిన కదాయిఫ్ వేలి మందం కూడా లేకుండా పరిచి అరచేత్తో అదుముతాడు. చీజ్ చేత్తో పోగులు తీస్తూ అంతటా జల్లుతాడు, మళ్ళీ పైన కదాయిఫ్. ఇక అక్కడి నుంచి పళ్ళేన్ని తిప్పుతూనే ఉంటాడు, పావు వంతు తిప్పి ఆగి, మళ్ళీ పావు వంతు. ఏ వైపూ ఎక్కువ కాలకూడదు. అంచు దగ్గర రంగు మారగానే పళ్ళెం ఊపి చూస్తాడు. లోపలున్నదంతా ఒకే బిళ్ళలా జారితే అయినట్టే. దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఒక్కసారిగా తిరగేస్తాడు, రెండో పక్కని మళ్ళీ నిప్పుల మీద పెడతాడు. దింపగానే గరిటెతో పాకం పోస్తే చుయ్యిమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాలేదంటే ఆలస్యమైందని అర్థం.

2023 ఫిబ్రవరి 6 భూకంపంలో ఆ పాత ఊరు చాలావరకు కూలిపోయింది. ఉలూ జామి పోయింది, బజారు దెబ్బతింది. నాకు తెలిసినవాళ్ళు కొందరు ఊరే వదిలి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కంటైనర్లలో కొట్లు పెట్టుకుని వ్యాపారాలు మళ్ళీ మొదలుపెట్టారు, కునెఫె కూడా వాటిలో ఉంది. ఆ మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే దీన్ని ఎవరైనా శ్రద్ధగా చేస్తానంటే నాకు తెలిసిందంతా చెప్పాలనిపిస్తుంది.

తణుకు_తమ్ముడు
చదువుతుంటే అక్కడ నిలబడి చూసినట్టే ఉందన్నా. హతాయ్ అంటే సిరియా సరిహద్దు కదా?

ఇస్కెందరున్_రిటర్న్
అవును తమ్ముడూ. 1939లో టర్కీలో కలిసింది. అలెప్పో వైపు వంట, అనతోలియా వంట రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి అక్కడ. 2017లో యునెస్కో హతాయ్‌ని వంటల నగరాల జాబితాలో చేర్చింది. పక్కనున్న గాజియాంతెప్ 2015లోనే చేరింది. ఆ రెండు ఊళ్ళ మధ్య తిండి విషయంలో పోటీ మన భీమవరం, కాకినాడల పోటీ కంటే ఎక్కువ.

మెహిదీపట్నం_మామ
మాకు ఇక్కడ మండీ హోటళ్ళలో కునాఫా దొరుకుతుంది, బాగుంటుంది. ఇంట్లో మాత్రం మా పిల్లలు సేమియాతో చేస్తారు. నెయ్యిలో వేయించి, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, మధ్యలో చీజ్ పెట్టి. కదాయిఫ్ కోసం తిరగాల్సిన పనేముంది?

ఇస్కెందరున్_రిటర్న్
మామగారూ, అది మంచి స్వీటే, కాదనను. కానీ సేమియా, కదాయిఫ్ రెండూ వేర్వేరు సరుకులు. సేమియా గట్టి పిండి కలిపి అచ్చులోంచి ఒత్తి ఆరబెట్టింది. కదాయిఫ్‌కి మైదాని జారుగా కలుపుతారు. సన్నటి గొట్టాలున్న గిన్నెలోంచి, తిరుగుతున్న వేడి రేకు మీద ధారలుగా పోస్తారు. క్షణాల్లో ఆరుతుంది, ఇంకా మెత్తగా ఉండగానే చేత్తో దోసిలిలా లాగేస్తారు. అంటే సగమే ఉడికిన పిండి. అందుకే వెన్న పీల్చుకుని, కాలినప్పుడు పైన కరకరలాడుతుంది, చీజ్ తగిలే వైపు మెత్తగా ఉంటుంది. సేమియాకి ఆ రెండో గుణం రాదు.

మెహిదీపట్నం_మామ
సరే, ఒప్పుకుంటున్నా. కానీ సేమియా కునాఫా పేరెత్తితే మా మనవరాలు ఊరుకోదు, ఆమెతో మీరే మాట్లాడుకోండి.

ఎన్‌జే_అత్తయ్య
సరుకు దొరక్కపోతే కదా సేమియా. దుబాయ్ పిస్తా చాక్లెట్ పిచ్చి పట్టిన దగ్గర్నుంచి కదాయిఫ్ ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతోంది. కాకపోతే ఒకటి చూసుకోండి. ఆ చాక్లెట్ కోసం అమ్మేది ముందే వేయించిన ఎర్రటి కదాయిఫ్, డబ్బాల్లో వస్తుంది. అది కునెఫెకి అస్సలు పనికిరాదు, ఎంత అదిమినా అతుక్కోదు, తిరగేస్తే రాలిపోతుంది. తెల్లగా మెత్తగా ఉండే పచ్చిదే కావాలి. మాకు న్యూజెర్సీ ప్యాటర్సన్‌లో టర్కీ, అరబ్బు కొట్లు బోలెడు ఉన్నాయి, అక్కడ ఫ్రీజర్‌లో ఒక పౌండు ప్యాకెట్లు దొరుకుతాయి. ఫ్రీజర్‌లోంచి తీసి ప్యాకెట్ విప్పకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. విప్పిన తర్వాత మాత్రం తడిగుడ్డ కప్పి ఉంచండి, ఫ్యాన్ గాలికి పావుగంటలో ఎండి విరుగుతుంది.

కొలోన్_కల్యాణి
అత్తయ్యా, ఇది ఎవరూ చెప్పలేదు, నేను ఆ డబ్బానే కొనేదాన్నేమో! మరి కదాయిఫ్‌ని కత్తిరించాలా, పోగులు పోగులుగానే పరచాలా?

ఎన్‌జే_అత్తయ్య
కత్తిరించాలి. చుట్టని పీట మీద పెట్టి కత్తితో సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా తరగండి. పొడవుగా ఉంటే తినేటప్పుడు చెంచాకి చుట్టుకుంటుంది, కోసినప్పుడు ముక్క చెదురుతుంది. తరిగాక వెడల్పాటి బేసిన్‌లో వేసి, కరిగించి గోరువెచ్చగా చల్లార్చిన వెన్న పోసి రెండు చేతులతో రుద్దండి. ఏ పోగూ పొడిగా తెల్లగా కనిపించకూడదు. ఇక్కడ తొందరపడితే కాలేటప్పుడు మచ్చలు మచ్చలుగా వస్తుంది.

నెయ్యి_గిన్నె
వెన్న ఎందుకు, మన నెయ్యి ఉందిగా!

పాకం_పార్వతి
నెయ్యి వాసన చీజ్‌ని మింగేస్తుంది నెయ్యి_గిన్నెగారూ. మనం ఎర్రగా కాచిన నెయ్యి వాడితే అది మైసూర్‌పాక్ రుచికి వెళ్ళిపోతుంది.

ఇస్కెందరున్_రిటర్న్
మీ ఇద్దరి మాటా సగం సగం సరే. మామూలు వెన్నలో నీళ్ళు, పాల పదార్థం ఉంటాయి. కునెఫె చిన్న మంట మీద చాలాసేపు కాలాలి కాబట్టి ఆ పాల పదార్థం అడుగున నల్లబడుతుంది. అందుకే అక్కడ తేట వెన్న వాడతారు, సాదెయా అంటారు, ఉర్ఫా వైపు గొర్రెపాలతో చేసేది చాలా పేరున్నది. ఇంట్లో ఐతే ఉప్పులేని వెన్న చిన్న మంట మీద కరిగించి, నురుగు తీసేసి, పైన తేట వంచుకోండి. మన నెయ్యిలా ఎర్రబడే దాకా కాచకండి. ఆ తేటే కావాల్సింది.

నెయ్యి_గిన్నె
అంటే నెయ్యి కావడానికి ఒక్క అడుగు ముందు ఆగాలి. అది నాకు చేతనవును.

రాజంపేట_రాణి
నాకో సందేహం. పాకం పోసిన రెండు నిమిషాలకే అడుగు మెత్తబడి ముద్దగా అవుతోంది. ఫ్రెష్ మొజరెల్లా బంతులు వాడాను, ఓవెన్లో పెట్టాను, పైన మాత్రం చక్కగా ఎర్రబడింది.

పాలకేంద్రం
బంతుల్లో నీళ్ళే కారణం. ఫ్రెష్ మొజరెల్లాలో సగానికి పైగా నీళ్ళుంటాయి. వేడికి చీజ్ నీళ్ళు వదులుతుంది, అవి కిందికి దిగి కదాయిఫ్ ఉడుకుతుందే తప్ప కాలదు. దాన్ని వాడాలంటే ముందు రోజు చేత్తో చింపి, జల్లెడలో పలచని గుడ్డ పరిచి దాని మీద వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దుటికి గిన్నెలో ఎన్ని నీళ్ళు చేరతాయో మీకే తెలుస్తుంది. అంతకంటే పిజ్జాకి వాడే గట్టి మొజరెల్లా ముద్ద తీసుకుని, పల్చగా కోసి ఉప్పు పోయేదాకా నీళ్ళలో ఉంచి, గుడ్డతో గట్టిగా ఒత్తి వాడటం మేలు. తురిమి ప్యాకెట్లో అమ్మేది వద్దు. ముక్కలు అంటుకోకుండా దానికి పిండి పూస్తారు, కరిగినా పోగు అంత బాగా సాగదు. మనవైపు దొరికే ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్‌లు అసలే వద్దు, ఉప్పు విపరీతం.

ఇస్కెందరున్_రిటర్న్
రాణిగారికి ఇంకో మాట. ఓవెన్లో వేడి పైనుంచి కూడా వస్తుంది, అడుగు వెనకబడుతుంది. స్టవ్ మీద మందపాటి పాన్‌లో చెయ్యండి.

ఎన్‌జే_అత్తయ్య
ఇక్కడ నేను ఒప్పుకోను. పదిమందికి స్టవ్ మీద ఒక్కో పాన్ పెట్టుకుంటూ కూర్చుంటే మొదట తిన్నవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. నేను నల్లటి లోహపు ట్రేలో పెట్టి, ఓవెన్ 190 డిగ్రీల్లో అన్నిటికంటే కింది అరలో ఉంచుతాను. అడుగు ఎర్రబడ్డాక ఇంకో ట్రేలోకి బోర్లించి మళ్ళీ పెడతాను. గాజు గిన్నెలో పెడితే మాత్రం రాణి చెప్పినట్టే అవుతుంది.

ఇస్కెందరున్_రిటర్న్
తిరగేస్తున్నారంటే ఇక నాకు అభ్యంతరం లేదు అత్తయ్యగారూ. చాలామంది ఆ పని చెయ్యరు, అదే అసలు సమస్య. నలుగురికైతే మాత్రం నా ఓటు స్టవ్‌కే.

రాజంపేట_రాణి
గాజు గిన్నే! మీకెలా తెలిసింది అత్తయ్యా?

ఎన్‌జే_అత్తయ్య
అందరిళ్ళలోనూ కేక్ గిన్నె అదే కదమ్మా.

కొలోన్_కల్యాణి
పాకం గురించి ఎవరైనా చెప్పండి, నాకు అదే పెద్ద టెన్షన్.

పాకం_పార్వతి
నా పేరు చూసి అడిగారనుకుంటాను. కప్పు చక్కెరకి కప్పు నీళ్ళు. చక్కెర కరిగి మరగడం మొదలయ్యాక మధ్య మంట మీద ఓ పది నిమిషాలు. వేళ్ళ మధ్య పట్టుకుంటే జిగురుగా ఉండాలి, తీగ రాకూడదు. జిలేబీకో కాజాకో పట్టినట్టు తీగపాకం పడితే కదాయిఫ్ లోపలికి వెళ్ళదు, పైనే గడ్డకడుతుంది. గులాబ్ జామూన్ పాకం ఎంత ఉంటుందో అంతే. దింపే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం వేసి ఒక్క పొంగు రానివ్వండి. ఆ పులుపుకి చక్కెర కొంత విడిపోయి, చల్లారాక పాకం పలుకులు కట్టకుండా ఉంటుంది. ముందే చేసుకుని పూర్తిగా చల్లారనివ్వండి. కాలిన కునెఫె వేడి, పాకం చల్లన. రెండూ వేడిగా ఉంటే నానిపోతుంది, రెండూ చల్లగా ఉంటే పీల్చుకోదు.

తణుకు_తమ్ముడు
కానీ అంతెప్ (గాజియాంతెప్) బక్లావాకి, అదే పల్చటి పిండి పొరల మధ్య పిస్తా పెట్టే మిఠాయికి, మరిగే పాకం వేడి బక్లావా మీదే పోస్తారని ఎక్కడో చూశాను. అప్పుడు మీ సూత్రం చెల్లదు కదా?

ఇస్కెందరున్_రిటర్న్
చూసింది నిజమే. అక్కడి ఉస్తాదులు అలాగే పోస్తారు. కానీ బక్లావా పాకం దీనికంటే చిక్కన, పొరలన్నీ పూర్తిగా ఎండిపోయేదాకా కాలి ఉంటాయి, లోపల చీజ్ లాంటి తడి వస్తువు లేదు. అది రోజుల తరబడి నిలవ ఉండాల్సిన మిఠాయి. కునెఫె ప్లేటులో పడ్డ ఐదు నిమిషాల్లో తినేసేది. పార్వతిగారు చెప్పింది దీనికి కరెక్టు. నేను చూసిన చోట్ల పాకం గోరువెచ్చగా కూడా ఉండేది కాదు.

షార్జా_శ్రీను
పాకంలో ఏలకులు, కుంకుమపువ్వు వేస్తే?

పాకం_పార్వతి
నేను రెండు ఏలకులు వేస్తాను, నాకిష్టం.

ఇస్కెందరున్_రిటర్న్
హతాయ్‌లో ఏమీ వెయ్యరు. అరబ్బు కునాఫాకి గులాబీ నీళ్ళో నారింజ పూల నీళ్ళో వేస్తారు. మొదటిసారి ఏమీ వెయ్యకుండా తినండి. వెన్న, పాలు, కాలిన పిండి, ఈ మూడు వాసనలే దాని అందం. తర్వాత మీ ఇష్టం.

పప్పుచారు
ఇంత మాట్లాడారు, రెన్నెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మేము శాకాహారులం. దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడిన చీజ్ మా ఇంట్లోకి రాదు.

పాలకేంద్రం
మంచి ప్రశ్న. రెన్నెట్ ముఖ్యంగా రెండు రకాలుగా వస్తుంది, పశువుది, సూక్ష్మజీవులతో తయారుచేసేది. మన దేశంలో పెద్ద డెయిరీలు మైక్రోబియల్ రెన్నెటే వాడతాయి, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూస్తే సరిపోతుంది. జర్మనీలో ఆ చుక్క ఉండదు, కాబట్టి పదార్థాల వరుస చదవాలి. మిక్రోబియెల్లెస్ లాబ్ అని ఉంటే మీకు పనికొస్తుంది, కెల్బర్‌లాబ్ అని ఉంటే దూడది. ఉత్తి లాబ్ అని మాత్రమే ఉంటే పక్కన పెట్టెయ్యండి. అక్కావీకైనా, దిల్ పెయ్నిరికైనా ఇదే చూసుకోండి.

పప్పుచారు
ధన్యవాదాలు మాస్టారూ. ఇది మా అక్కయ్యకి కూడా పంపుతాను, మ్యూనిక్‌లో ఉంటుంది.

కొలోన్_కల్యాణి
కొట్టుకి వెళ్ళొచ్చాను. కునెఫె పెయ్నిరి ఫ్రీజర్‌లో నిజంగానే ఉంది! ఇన్నాళ్ళూ దాని పక్కనే బఠానీలు కొనుక్కుని వచ్చేదాన్ని. కొట్టాయన నేను కునెఫెకి అనగానే ఒక నల్లటి సీసా కూడా చేతిలో పెట్టాడు, పెక్మెజ్ అట. ఇది దేనికి?

ఇస్కెందరున్_రిటర్న్
మీ కొట్టాయన తెలిసినవాడు. పెక్మెజ్ అంటే ద్రాక్షరసం కాచి చిక్కబరిచినది. పాన్‌కి రాసే వెన్నలో అర చెంచా కలపండి, అంతకు మించొద్దు. అది రాసిన వైపు ముదురు ఎరుపు రంగు సమంగా వస్తుంది. నాబ్లుస్ వైపు నారింజ రంగు కలుపుతారు, హతాయ్ పద్ధతిలో ఆ రంగుతో పని లేదు. ఎక్కువ వేస్తే మాత్రం అడుగు మాడి చేదొస్తుంది.

తణుకు_తమ్ముడు
పెక్మెజ్ దొరకనివాళ్ళు బెల్లం నీళ్ళు వాడొచ్చా?

ఇస్కెందరున్_రిటర్న్
నేను వాడతాను. కొంచెం బెల్లం వడగట్టి చిక్కబరిచి, చెంచాలో సగం. బెల్లం ఇంకా తొందరగా మాడుతుంది, కాబట్టి పాన్ దగ్గర్నుంచి కదలొద్దు.

కొలోన్_కల్యాణి
కొలతలు కూడా చెప్తే రాసి పెట్టుకుంటాను. నా పాన్ 24 సెంటీమీటర్లది.

ఇస్కెందరున్_రిటర్న్
కదాయిఫ్ 250 గ్రాములు, తేట వెన్న 120 గ్రాములు, చీజ్ 250 గ్రాములు. పాకం పార్వతిగారి లెక్కతో కప్పుకి కప్పు చాలు, కొంచెం మిగులుతుంది కూడా. కదాయిఫ్‌లో సగం కంటే కాస్త ఎక్కువ కింద పరవండి. చీజ్ అంచుకి వేలెడు దూరంలో ఆపెయ్యండి, లేకపోతే కరిగి పాన్‌కి అంటుకుని తిరగేసేటప్పుడు చిరుగుతుంది. పైన మిగతాది వేసి, చదునైన గిన్నె అడుగుతో గట్టిగా ఒత్తండి. ఒత్తడంలో మొహమాటం వద్దు, అది సరిగ్గా చెయ్యకపోతే బిళ్ళ కట్టదు. స్టవ్ చిన్న మంట, ఒక్కో పక్క ఎనిమిది నుంచి పది నిమిషాలు. పాన్‌ని తిప్పుతూ ఉండండి.

తిరగేసేటప్పుడు భయపడితే సగంలో ఆగి విరుగుతుంది. పెద్ద పళ్ళెం బోర్లించి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఒక్క ఊపులో తిప్పెయ్యాలి. వెన్న కారి చెయ్యి కాలుతుంది, మందపాటి గుడ్డ పట్టుకోండి.

ఎన్‌జే_అత్తయ్య
పైన పిస్తా పొడి తప్పనిసరి. ఆకుపచ్చగా ఉండే పచ్చి పిస్తా, ఉప్పు లేనిది, సన్నగా దంచి చల్లాలి.

నెయ్యి_గిన్నె
పక్కన ఐస్‌క్రీమ్ పెడతారు కదా?

ఇస్కెందరున్_రిటర్న్
మరాష్ ఊరి సాగే ఐస్‌క్రీమ్ పెట్టేవాళ్ళున్నారు, కైమాక్ (మందపాటి మీగడ) పెట్టేవాళ్ళున్నారు. నాకు కైమాకే ఇష్టం. టర్కీలో మంచి కైమాక్ గేదెపాలతో చేస్తారు, అఫియోన్ వైపుది బాగా ప్రసిద్ధి. మన ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో అదృష్టం. గేదెపాలు కాచి చల్లారాక పైన కట్టే మందపాటి మీగడ తీసి పక్కన పెట్టుకోండి, చక్కెర కలపకుండా. తియ్యటి పాకం మీద ఆ చప్పటి చల్లటి మీగడ పడితే ఇంక ఏమీ అక్కర్లేదు.

మెహిదీపట్నం_మామ
మీగడ సంగతి నాకు నచ్చింది. ఈ ఆదివారం మా మనవరాలితో అసలు కదాయిఫ్‌తోనే చేయిస్తా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా.

కొలోన్_కల్యాణి
చేశాం! ఒక్కసారికే తిరగబడింది, మా ఆయన పళ్ళెం పట్టుకున్నారు, నేను పాన్ పట్టుకున్నాను. పాకం పోస్తే ఇస్కెందరున్ అన్నగారు చెప్పిన ఆ చుయ్యి చప్పుడు వంటింట్లోంచి హాల్లోకి వినిపించి వచ్చినవాళ్ళందరూ లేచి వచ్చారు. మొదటి ముక్క పైకెత్తితే చీజ్ ప్లేటు దాకా సాగింది. ఏలకులు వెయ్యలేదు, పార్వతిగారూ ఏమనుకోకండి. ఒక్కటే, చివర్లో తిన్నాయనకి పది నిమిషాలు ఆలస్యమైంది, అప్పటికే చీజ్ బిగుసుకుంది.

ఎన్‌జే_అత్తయ్య
చల్లారితే బిగుసుకోక తప్పదమ్మా. అందరూ కూర్చున్నాకే రెండో పక్క కాల్చడం మొదలుపెట్టాలి.

పాకం_పార్వతి
నేనేమీ అనుకోలేదు, ఈసారి నేనే ఏలకులు లేకుండా చేసి చూస్తాను.

రాజంపేట_రాణి
నేనూ లోహపు ట్రే కొన్నాను. సగం ప్యాకెట్ కదాయిఫ్ మిగిలేలా ఉంది, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

ఎన్‌జే_అత్తయ్య
పచ్చిది మళ్ళీ గడ్డకట్టిస్తే తీశాక పొడిపొడిగా విరుగుతుంది. దానికి బదులు మిగిలిందానికి కూడా వెన్న పట్టించి, చీజ్ పెట్టి, చిన్న అల్యూమినియం పళ్ళేల్లో కాల్చకుండానే ఒత్తి, గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు. కొట్లలో అమ్మే రెడీ కునెఫె కూడా అలాంటిదే. కావాల్సిన రోజు పొద్దున ఫ్రిజ్‌లోకి దింపి, సాయంత్రం కాల్చుకోవడమే. పాకం విడిగా సీసాలో ఉంచుకో, నిమ్మరసం వేసింది కాబట్టి ఫ్రిజ్‌లో బాగానే ఉంటుంది.